మిడిల్‌వెయిట్ మొనగాడు

ప్రపంచంలో ఇప్పటిదాకా పుట్టిన మిడిల్‌వెయిట్ బాక్సర్లలో మొనగాడు ఎవరు? నన్నడిగితే హాగ్లర్. రవీందర్‌ని మాత్రం అడక్కండి, వాడికి బుర్ర లేదు. నిజామాబాద్‌లో వాడికి ఫొటో స్టూడియో ఉంది, నాకు బాక్సింగ్ నేర్పే హాలు ఉంది, ఇద్దరికీ కలిపి పంతొమ్మిదేళ్లుగా ఈ ఒక్క తగువు ఉంది.

వాడి దేవుడు హ్యారీ గ్రెబ్. వందేళ్ల కిందటి మనిషి. మూడు వందల దాకా పోటీలు ఆడాడట, ఒక్కదానికీ ఫిల్మ్ మిగల్లేదు. పైగా ఒక కన్ను పోయినా ఆ సంగతి బయటికి పొక్కనివ్వకుండా ఏళ్ల తరబడి ఆడి గెలిచాడట. ఇదిగో, ఇక్కడే నాకు ఒళ్లు మండేది. గుద్దు ఎలా తప్పించుకోవాలో పిల్లలకు నేర్పుతూ బతికేవాణ్ణి నేను. కన్ను లేని వైపు నుంచి వచ్చే గుద్దు కనపడదు, కనపడని గుద్దును ఎవడూ తప్పించుకోలేడు. ఒకటి రెండుసార్లంటే అదృష్టం కాపాడుతుంది, ఏళ్ల తరబడి కాపాడదు. హాగ్లర్ సంగతి అలా కాదు. పన్నెండుసార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు, కావాలంటే ఇప్పుడే ఫోన్లో చూపిస్తాను.

హోలీ రోజు కారులో బోధన్ దాటి వెళ్తున్నప్పుడు కూడా ఇదే గొడవ.

"కండ్లతోటి చూస్తెనే నిజమా? మీ ముత్తాతను చూసినవా నువ్వు?" అన్నాడు రవీందర్, స్టీరింగ్ తిప్పుతూ.

"మా ముత్తాత ఒంటికన్నుతో చాంపియన్ అయ్యానని చెప్పుకోలేదులే," అన్నాను.

మేం వెళ్తున్నది బంటీ కోసం. మంజీర దగ్గరి పల్లెటూరి వాడు, ఇరవై రెండేళ్లు, డెబ్బై అయిదు కిలోలు. నా దగ్గర తయారైన వాళ్లందరిలోకి గట్టివాడు. నాలుగు రోజుల్లో హైదరాబాద్‌లో రాష్ట్ర జట్టు ఎంపిక పెట్టుకుని, వాడు హోలీకని ఊరెళ్లి కూర్చున్నాడు.

ఆ ఊళ్లో హోలీ రంగులతో అయిపోదు. సాయంత్రం ఊరి నడుమ రెండు గుంజలకు పెద్ద మోకు కడతారు. ఊరు రెండుగా చీలి దానికి అటూ ఇటూ ఎదురెదురుగా నిలబడుతుంది. ఎడమ చేత్తో మోకు పట్టుకోవాలి, కుడి చేత్తో ఎదుటివాణ్ణి గుద్దాలి. డప్పులు ఆగేదాకా, అంటే ఒక అరగంట, మోకు వదలకూడదు. ఇంటికొకరు నిలబడకపోతే ఊరికి కీడని వాళ్ల నమ్మకం. నిలబడ్డవాడు పడిపోతే ఆ ఇంట్లోంచే ఇంకొకరు వచ్చి మోకు పట్టాలి.

బంటీ ఇంటి తరఫున నిలబడేది వాళ్ల నాన్న భూమన్న. ఆయన పడితే బంటీ దిగాలి. దిగితే ఏ వేలో విరుగుతుంది, ఏడాది కష్టం గంగలో కలుస్తుంది. ఆట మొదలవకముందే వాణ్ణి కారెక్కించాలని నేను బయల్దేరాను.

"బాపును ఇడిసి ఎట్లొస్త సార్," అన్నాడు బంటీ. "బాపు నిలవడ్తడు, నువ్వు పరేషాన్ గాకు. అయిపోంగనే వస్త."

భూమన్న వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డప్పటి నుంచి కూలికి పోతున్నాడు. నేను ఆయన ఎడమ పక్కకు వెళ్లి చెయ్యి చాచాను. ఆయన పట్టుకోలేదు, తల కూడా తిప్పలేదు. నాకు తల తీసేసినట్టయింది. కొడుకును తీసుకుపోవడానికి వచ్చానని కోపమైతే కావచ్చు, అంతమాత్రానికి ఇంత పొగరా అనుకుంటూ ఇవతలికి వచ్చేశాను.

డప్పులు మొదలయ్యాయి. భూమన్నకు ఎదురుగా రాజనర్సు అనేవాడు నిలబడ్డాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, లారీలకు బస్తాలెత్తే మనిషి, ఒక్కో చెయ్యి నా తొడంత ఉంది. ఎదురుగా ఉన్నవాడి కుడి పిడికిలి ఎప్పుడూ ఎడమ చెంప మీదికే వస్తుంది. మొదటి గుద్దుకే ముసలాయన పడిపోతాడని పళ్లు బిగపట్టాను. భూమన్న తల నాలుగు వేళ్లంత పక్కకు జరిగింది, పిడికిలి చెవి పక్కనుంచి గాల్లోకి పోయింది. రెండోదీ అలాగే పోయింది. మూడోదానికి నేను ఆయన కళ్లు చూశాను.

రెప్పలు పడలేదు. కణత పక్కనుంచి పిడికిలి దూసుకుపోతుంటే ఎంతటి బాక్సర్‌కైనా రెప్ప పడుతుంది. ఈయనకు పడలేదు. నాకప్పుడు వాకిట్లో సంగతి అర్థమైంది. ఆయన నన్ను లెక్కచేయక కాదు, ఆ పక్కన నేను ఆయనకు కనపడనేలేదు. ఆ కన్ను పోయింది.

మరి గుద్దు వస్తోందని ఎలా తెలుస్తోంది? మోకు పట్టిన చేతులు చూశాను. అందరి వేళ్లూ నరాలు ఉబ్బేలా బిగుసుకుని ఉన్నాయి. భూమన్న వేళ్లు వదులుగా ఉన్నాయి. బొటనవేలు మోకు పొడుగునా ఊరికే ఆనించి ఉంది, నాడి చూసే వాళ్లు పెట్టినట్టు. గుద్దే ముందు ఎవడైనా ఊతం కోసం మోకును లాక్కుంటాడు. ఆ లాగుడు ఈయన వేలికి తెలుస్తోంది. ఒక్కడే లాగుతున్నాడా అంటే కాదు, ఆ మోకును నలభై మంది గుంజుతున్నారు. అన్ని గుంజుళ్లలోంచి రాజనర్సు గుంజుడు ఒక్కటే ఏరుకుని ఆయన తల జరుపుతున్నాడు. నా జీవితంలో అంత గొప్ప ఆట చూడలేదు, ఇక చూడను కూడా.

అరగంటలో ఒక్కటే తాకింది. భూమన్న మోకాళ్లు వంగాయి. బంటీ ఒక్క ఉదుటున ముందుకు కదిలితే వాడి చొక్కా పట్టుకుని ఆపాను. భూమన్న మోకు వదల్లేదు, మెల్లగా నిటారుగా లేచాడు. కాసేపటికి డప్పులు ఆగాయి.

రాజనర్సు వచ్చి ఆయన్ను అలాయ్‌బలాయ్ తీసుకున్నాడు. "ఒక్కటి దప్ప తాకలే కాకా, ఏం మంత్రమేసినవే?" అన్నాడు.

ఇంటికి చేరగానే బంటీ బ్యాగు తెచ్చుకోవడానికి లోపలికెళ్లాడు. నేను ఈసారి భూమన్న కుడి పక్కన నిలబడ్డాను.

"ఆ కన్ను పోయి ఎన్నాళ్లయింది?"

ఆయన లోపలి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఆరేండ్లాయె. లోపట నరం ఎండిందన్నరు దవఖానల."

"బంటీకి తెలుసా?"

"ఎర్కయితే వాడు మీ దిక్కు వస్తడా సార్? మోకు నేనే పట్టుకుంట, కూలికి నేనే పోత అంటడు. గా చేతులు మోకుకు గావు." నా మోచెయ్యి పట్టుకున్నాడు. "నీ నోట్లెకెళ్లి ఒక్క మాట రావద్దు."

"ఆ రెండో కన్నుకు ఏమైనా అయితే?"

"ఏం గానీయ," అన్నాడు. నేను మాటిచ్చాను.

కారు ఊరు దాటింది. వెనక సీట్లో బంటీ హుషారుగా ఉన్నాడు. రవీందర్ మళ్లీ పాత తగువు ఎత్తాడు.

"ఏంది గింత చల్లగైనవ్? ఒంటికన్నోడు అన్నేండ్లు నిలవడుడు అబద్ధం అంటివి. ఇంకా గదే మాటనా?"

పంతొమ్మిదేళ్లలో ఇంత గట్టి సాక్ష్యం నాకెప్పుడూ దొరకలేదు. దొరికింది వాడి వైపు సాక్ష్యం. ఆ మోకు, ఆ బొటనవేలు, పడని ఆ రెప్ప, అన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి. ఒప్పుకున్నానంటే వీడు ఎందుకని అడుగుతాడు, అడిగితే నా నోరు ఆగదు. అద్దంలో బంటీ నా జవాబు కోసం ముందుకు వంగి కనిపించాడు.

"అదే మాట," అన్నాను. "కన్ను లేనివాడు నిలబడలేడు. ఎవడూ నిలబడలేదు."

రవీందర్ తిట్టడం మొదలుపెట్టాడు. బంటీ వెనక నుంచి నవ్వాడు.

"సార్ చెప్పిందే నిజం రవన్నా. రెండు కండ్లున్న మా బాపుకే ఒకటి తాకె. ఒక్క కన్నోడు ఏం నిలవడ్తడు?"

"అవున్రా," అన్నాను.