ముందే ఎక్కిన రంగు

రంగు మందు ఎక్కించడంలో నన్ను మించినవాడు లేడని నా గట్టి నమ్మకం. మత్తు డాక్టరు దగ్గర పన్నెండేళ్లుగా టెక్నీషియన్ని. పెద్ద డాక్టరు నోరు తెరిచేలోపే సిరంజి ఖాళీ చేస్తానని అందరూ నన్ను ‘మెరుపు’ అంటారు. ఆ పేరు విన్నప్పుడల్లా లోలోపల పొంగిపోయేవాణ్ని.

ఆ రోజు ఆపరేషన్ బల్ల మీద ఉన్నాయన మార్కెట్లో వేలంపాట పాడతాడు. మత్తు ఇచ్చేముందు కూడా ఊరుకోలేదు. పైనున్న పెద్ద లైటు చూసి, “ఒకటోసారి, రెండోసారి” అని పాట మొదలెట్టి అందర్నీ నవ్వించాడు.

ఆయన మెదడులో ఒక రక్తనాళం బుడగలా ఉబ్బింది. దాని మొదట్లో క్లిప్పు వేయాలి. ఆ పక్కనే ఉన్న సన్న నాళం మాటకు రక్తం అందిస్తుంది. క్లిప్పు దాన్ని నొక్కేస్తే మాట పోతుంది. నొక్కిందో లేదో చూడటానికే రంగు. చేతి నరంలో ఎక్కించి, లైట్లు ఆర్పి మైక్రోస్కోపుతో చూస్తే, రక్తం పారే నాళాలు తెర మీద తెల్లగా వెలుగుతాయి. పారనిది నల్లగా ఉండిపోతుంది.

క్లిప్పు వేశారు. లైట్లు ఆరాయి. పెద్ద డాక్టరు ఇంకా మైక్రోస్కోపు సర్దుకుంటున్నారు. నేను ఆగలేదు, ఎక్కించేశాను.

“మెరుపూ, ఇప్పుడివ్వు,” అన్నారాయన.

“ఇచ్చేశాను సార్.”

తెర మీద బొమ్మ వచ్చేసరికే అన్ని నాళాలూ తెల్లబడి ఉన్నాయి. ఆ సన్నదాంట్లోకి రక్తం నేరుగా వచ్చిందో, పక్కదారిన పాకిందో చెప్పడం ఎవరి తరమూ కాలేదు. రంగు దిగేదాకా పావుగంట ఆగాం.

రెండోసారి, డాక్టరు చెప్పాకే ఇచ్చాను. అన్నీ వెలిగాయి, అదొక్కటి తప్ప. వెంటనే క్లిప్పు జరిపారు. అప్పుడది వెలిగింది.

“రేపు ఆయనకు మాట రాకపోతే, అది ఆ పావుగంట వల్లే అని చెప్పలేం,” అన్నారు డాక్టరు తర్వాత, చేతులు కడుక్కుంటూ. “కాదనీ చెప్పలేం.”

మూడో రోజు ఆ వేలంపాట ఆయన ఉన్న వార్డుకు వెళ్లాను. ఆయన భార్య మందులకు కిందికి వెళ్లిన సమయం చూసుకుని మరీ వెళ్లాను. నా ధైర్యం అంతమాత్రమే.

“అన్నా, రంగు నేనే తొందరపడి ఎక్కించాను. దానివల్ల ఆలస్యమైంది. తప్పు నాది.”

ఆయనకు అంతా అర్థమైంది. వినడానికి ఏ లోటూ లేదు. కళ్లు ఎర్రబడ్డాయి. ఎడమచేత్తో మంచం పట్టుకుని లేచి కూర్చుని నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. “ఆ... ఆ...” అన్నాడు. మళ్లీ ప్రయత్నించాడు.

నేను కదల్లేదు. తిట్టించుకోవడానికే వెళ్లాను. నన్ను తిట్టడానికి ఆయన దగ్గర ఒక్క మాటా మిగల్లేదు.