పేరు మారని టికెట్

కుక్కర్ కూతలు పెడుతున్నా శ్రీలత చెవి దగ్గరి ఫోన్ దించలేదు. దించితే, లైన్‌లో ఆగమంటూ వినిపించే ఆ వాయిద్యం మళ్లీ మొదటి నుంచి వినాలి. విమానం వాళ్లనడిగితే, క్రెడిట్ కార్డు సైట్‌లో కొన్నారు కాబట్టి మార్పులు అక్కడే అన్నారు. ఆ సైట్ వాళ్లు వాయిద్యం వినిపిస్తారు. చివరికి ఒక అమ్మాయి పలికింది. "మాకాడ బందున్నది మేడమ్, గా టికెట్ తేదీ జర మార్చాలె" అని శ్రీలత అంటే అవతల కిసుక్కున నవ్వు. "అర్థం కాలేదండీ, మళ్లీ చెప్పండి." తన మాటను తనే మింగి, సినిమాల్లో మర్యాదస్తులు మాట్లాడే తెలుగులో మళ్లీ చెప్పింది.

భూపాలపల్లిలో ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలైనప్పటి నుంచి ఆమెకిదో కొత్త కొలువు. గని ఆఫీసులో పనిచేసే భర్త దామోదర్ ఉద్యమంలో ముందుంటాడు. ఢిల్లీ ధర్నాకు పోవాలి. రైళ్లు ఆగాయి, విమానమే గతి. బందు పిలుపు వచ్చినప్పుడల్లా శంషాబాద్ విమానాశ్రయం దాకా బస్సుండదు, టికెట్ తేదీ మారాలి. "ఇంట్ల ఖాళీగనే ఉంటవ్ గదా, జర చూడు" అంటాడు. ఆ ఖాళీలోనే ఇంటి వంట ముగించి, నిరసనగా రోడ్డు మీద చేసే వంటావార్పుకు పోవాలి. అక్కడా పొయ్యి దగ్గర ఆడవాళ్లు, మైకు దగ్గర మగవాళ్లు. ఇంటి గిన్నె చిన్నది, ఉద్యమం గిన్నె పెద్దది, అంతే తేడా.

అయితే ఈసారి మహిళా సంఘం పెద్దామె ముత్తమ్మ ఇంటికొచ్చి, "ఢిల్లీల మన ఆడోళ్ల మాట నువ్వే చెప్పాలె బిడ్డా. పొయ్యికాడ నాతోటి అనేటియన్నీ మైకుల అను" అంది. ఆ రోజే శ్రీలత ఢిల్లీ టికెట్లు కొంటూ భర్త పేరు కింద తన పేరు టైప్ చేసుకుంది. తెర మీద దాన్ని చూసి కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్తకు చెబితే, "మరి నా బీపీ గోలీలు ఎవరిస్తరు?" అంది. ఆ సంతోషం ఇంకెవరితోనూ చెప్పుకోలేదు.

తేదీ మారిందని తెలిసి దామోదర్ వంటింటి గుమ్మంలోకొచ్చాడు.

"మంచిగైంది. ఇగ నీ పేరు కొట్టేసి తమ్మునిది రాయి. రఘునాథ్ వస్తనంటుండు."

సంఘం బస్సు లిస్టులో పేరు కొట్టేసి పేరు రాసినంత సులువనుకున్నాడు.

"విమానంల పేరు మార్చనియ్యరు. సీట్లన్నీ నిండినయ్. ఒకరిది రద్దు చేస్తేనే ఇంకొకరికి దొరుకుతది."

"అయితే రద్దు చెయ్. గిది గూడ అడగాల్నా?"

ఎవరిదో మళ్లీ చెప్పకుండానే స్నానానికి పోయాడు. చెప్పాల్సిన పని ఉందని కూడా ఆయనకు తోచలేదు.

శ్రీలత కంప్యూటర్ ముందు కూర్చుంది. అమ్మకు ఫోన్ చేద్దామనుకుని ఆగింది. సర్దుకుపొమ్మంటుంది, ఇంకేమంటుంది? ముందు గదిలో టీవీ మోగుతోంది, అత్త గోలీలకు పిలుస్తోంది. ఇంటినిండా మనుషులుండి, నీకేం కావాలని అడిగే మనిషి ఒక్కరూ లేరని దుఃఖం పొంగుకొచ్చింది. కొంగుతో కళ్లొత్తుకుని పని ముగించింది.

"అయిందా?" తల తుడుచుకుంటూ అడిగాడు దామోదర్.

"అయింది. మీ తమ్మునికి సీటు దొరికింది. మీది తీసేసిన."

తువ్వాల తల మీదే ఆగిపోయింది. "నాదా? మతిగిట్ల పోయిందా ఏంది?"

"రద్దు చెయ్ అంటిరి. ఎన్నడు లేంది నా పేరు మీద ఒక్క టికెటైంది. దాన్ని నా చేతులతోని తీసెయ్య పాణమొప్పలే."