టచప్ బాబాయి దవడ కింద మచ్చ

ఆ వీధిలో ఫొటో స్టూడియో ఆయన్ని అందరూ టచప్ బాబాయి అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. మొటిమ గానీ, గాటు గానీ, కళ్ళకింద నలుపు గానీ ఆయన మౌస్ కిందపడి బతికి బట్టకట్టింది లేదు. ఆయన తీసిన ఫొటో పట్టుకుని ఆఫీసుకి వెళితే గుమస్తా "ఇది మీ తమ్ముడిదా?" అని అడిగేవాడు. బాబాయి దాన్ని మెప్పు కిందే జమకట్టుకునేవాడు.

అంతటి మహానుభావుడికీ కుడి దవడ కింద ఒక నల్లమచ్చ ఉంది. చాలాకాలం బుద్ధిగానే ఉన్నది కాస్తా ఈమధ్య అంచులు వంకరపోయి, గడ్డం గీసుకుంటే రక్తం కారుస్తోంది. చర్మం డాక్టరుకి చూపించమని ఆయన భార్య, వీధికంతా పిన్ని, చెవిలో జోరీగలా పోరుతూనే ఉంది. డాక్టరంటే కత్తి గుర్తొస్తుంది బాబాయికి, కత్తి గుర్తొస్తే స్టూడియోలో అర్జెంటు పని గుర్తొస్తుంది. భయమని పైకి చెప్పుకోడానికి నామోషీ.

సరిగ్గా అప్పుడే ఆయన్ని ఉద్ధరించడానికి కృత్రిమ మేధ దిగివచ్చింది. ఫోన్లో ఒక యాప్ అట. ఫొటో పంపితే చాలు, చర్మానికి వచ్చిన రోగమేదో చిటికెలో చెప్పేస్తుందట. కత్తి లేదు, "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అని గద్దించే నోరూ లేదు. ఇంతకంటే మంచి డాక్టరు ఎక్కడ దొరుకుతాడు?

బాబాయి నీలం తెర ముందు స్టూలు వేసుకుని, లైట్లన్నీ వెలిగించి, తన ఫొటో తానే తీసుకున్నాడు. కంప్యూటర్లోకి ఎక్కించి వెలుగు సరిచేశాడు. తర్వాత చేతి అలవాటు చేసిందో, లోపలి భయమే చేయించిందో, మౌస్ దవడ కిందికి వెళ్ళి అటూ ఇటూ రుద్దింది. అప్పుడు పంపాడు.

యాప్ తడుముకోలేదు. "అనుమానించదగ్గ మచ్చలేవీ లేవు. మీ చర్మం వయసు ఇరవై ఆరు."

యాభై దాటిన మనిషి వంటింట్లోకి పరుగెత్తాడు. "చూశావటే? ఇరవై ఆరంట!"

"మరి మోకాళ్ళకి ఎన్నంట?" అంటూ పిన్ని ఫోన్ లాక్కుంది. ఫొటో పెద్దది చేసి చూసింది. మొగుణ్ణి చూసింది. "ఏమండీ, ఇందులో మచ్చ ఏదీ?"

"లైటింగ్‌లో పోయినట్టుంది."

"అయితే ఆ లైట్లే రోజూ వేసుకుని కూర్చోండి, మొహం మీద కూడా పోతుంది!"

ఆయన్ని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి తనే ఫొటో తీసింది.

"ఆగవే, కాస్త మొహం కడుక్కొస్తా."

"కడిగితే పోయేదైతే నేనే ఎప్పుడో తోమేసేదాన్ని."

ఈసారి యాప్ వయసు ఊసెత్తలేదు. "ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవండి" అంది. అందాకా దేవుడైన యాప్ బాబాయి దృష్టిలో ఒక్క క్షణంలో ఉత్త డబ్బా అయిపోయింది. పిన్ని అప్పటికే చెప్పులు వేసుకుంది.

డాక్టరమ్మ మచ్చ మీద చిన్న లెన్సు ఆనించింది. ఆవిడ దగ్గరా అలాంటి మేధే ఉంది. అది మచ్చని గీతలు గీసి కొలిచి, పెరుగుదల తెలియాలంటే పాత ఫొటోలు కావాలంది.

"మీకు స్టూడియోనే ఉంది కదా, ఫొటోలకేం కొదవ?" అంది డాక్టరమ్మ.

బాబాయి ఫోన్ తెరిచాడు. పెళ్ళి ఫొటో, పిల్లాణ్ణి ఎత్తుకున్న ఫొటో, స్టూడియో తెరిచిననాటి ఫొటో. అన్నింట్లోనూ దవడ కింద అద్దంలా నునుపు. వేలు జరుపుతూ పోయాడు, మచ్చ ఎక్కడా దొరకలేదు. ఊళ్ళో వాళ్ళ మొహాలన్నీ ఫొటోల్లో దాచిపెట్టిన మనిషికి తన అసలు మొహం ఒక్కటీ మిగల్లేదు.

"నన్నడగండమ్మా" అంది పిన్ని. "పెళ్ళినాటికి ఆవగింజంత. పిల్లాడు పుట్టినప్పుడూ అంతే. పోయిన వానాకాలం నుంచే పెరుగుతోంది. ఇప్పుడు మినపగింజంతయింది, చెవి వైపుకి పాకింది."

బాబాయి తెల్లబోయాడు. "ఇవన్నీ ఎప్పుడు చూశావే?"

"మీ మొహం కాక ఇంకెవరి మొహం చూడమంటారు?" అంది.

డాక్టరమ్మ యంత్రాన్ని పక్కకి జరిపింది. "ఇవాళే తీసేసి పరీక్షకి పంపుదాం. ఏమిటన్నది అప్పుడే తేలుతుంది. ఇప్పటికైనా వచ్చారు, మంచిదైంది."

బాబాయి బల్ల మీద పడుకుని పిన్ని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "కాస్త నీట్‌గా కోయండమ్మా. గీత కనపడకూడదు."

"ఆయన మాట వినకండి" అంది పిన్ని, కళ్ళు తుడుచుకుంటూ. "లోతుగా కోయండి. ఎంత గీత పడినా ఫరవాలేదు, నాకు మనిషి కావాలి."