రొట్టె తిరగేసే చోటు

ఫిజీలో వరదకి వంతెనలు కొట్టుకుపోయిన ఏడు అది. ఇటు బా ఊరి వంతెన లేదు, అటు సిగటోకా వంతెన లేదు. మేనమామ ఇంటికి వచ్చిన ఆషిక రాజధాని సువాకి తిరిగి వెళ్లలేక పదకొండు రోజులు ఇరుక్కుపోయింది. ఆషిక పాప్ గాయని. హోటళ్లలో బ్యాండుతో పాడుతుంది, అప్పటికి రెండు క్యాసెట్లు వచ్చాయి. కరెంటు లేదు, చేసే పని లేదు. వంటింట్లో పీట వేసుకుని, అత్తయ్య ఫూల్‌మతి రొట్టెలు చేస్తుంటే చూస్తూ కూర్చుంది.

ఫూల్‌మతి పాడుతూ చేస్తుంది. ఫిజీ రేడియోలో విన్న హిందీ సినిమా పాటలే. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు "నోరాడితే చెయ్యాడదు" అన్నది. ఆడుతుందని చూపించడానికి మొదలుపెట్టింది. ఇరవై రెండేళ్లయింది. చెరకు కోత రోజుల్లో తెల్లవారుజామున నాలుగింటికి లేచి నలభై రొట్టెలు చేయాలి. మామగారికి, భర్తకి, ఇద్దరు మరుదులకి, కోత ముఠాలో తిండి డబ్బా తెచ్చుకోని వాళ్లకి కూడా. నిద్ర కళ్లతో పెనం కేసి చూసే పని లేదు, పాటే చెబుతుంది. పల్లవిలో వత్తడం, చరణం ఎత్తుకుంటూ పెనం మీద వేయడం, చరణం సగంలో ఊపిరంతసేపు ఆగడం, తిరగేయడం, మళ్లీ అందుకోవడం. సినిమాలో ఆ పాటలు అక్కడ ఆగవు. ఆ సంగతి ఆషిక అడిగేదాకా ఆమెకీ తెలియదు.

"అత్తయ్యా, అక్కడెందుకు ఆగుతావు?"

"ఎక్కడే?"

"అదిగో, మళ్లీ ఆగావు."

ఫూల్‌మతి నవ్వింది. "ఆగకపోతే మాడుతుంది పిల్లా."

ఆషిక బ్యాటరీల టేపు రికార్డరు తెచ్చి పిండి డబ్బా మీద పెట్టింది. వెళ్లే ముందు రోజు చెప్పింది. "నా తర్వాతి క్యాసెట్టు ఇదే. పాత సినిమా పాటలు పది, నీ తీరులో పాడతాను. అట్ట మీద నీ పేరు వేయిస్తా."

గడపలో నిలబడి మామయ్య శివ్ నారాయణ్ విన్నాడు. "దాని పేరెందుకు? రొట్టెలు చేస్తూ కూనిరాగాలు తీసింది, అదీ ఒక సంగీతమేనా? ఈ ఇంట్లో హార్మోనియం వాయించేది నేను. వేస్తే నా పేరు వెయ్యి. పెళ్లాం పేరు అట్టెక్కితే ముఠాలో తలెత్తుకోనిస్తారా నన్ను?"

ఆషిక అత్తయ్య వంక చూసింది.

"ఆఁ, మీ మామయ్యదే వెయ్యి" అన్నది ఫూల్‌మతి.

ఆయన అడగడం ఆమెకి వింత కాలేదు. తాను అంత సులువుగా ఇచ్చేయడమే వింతయింది. కోడి కాళ్లు తానే తిని తొడ ఆయనకి వేసినట్టు, తడిసిన చాప తాను తీసుకుని పొడి చాప ఆయనకి పరిచినట్టు, ఇదీ ఇచ్చేసింది. ఎవరూ లాక్కోలేదు. ఇచ్చేది తనైతే, ఇవ్వకపోవడం కూడా తన చేతిలోనే ఉండాలి కదా అనుకున్నది. ఆరు నెలలు ఆ మాటే పెనం ముందు తిప్పి తిప్పి అనుకున్నది.

ఆగస్టులో క్యాసెట్టు వచ్చింది. అట్ట వెనక "తీరు నేర్పినది: మా మామయ్య శివ్ నారాయణ్" అని ఉంది. ఆదివారం మధ్యాహ్నం ముఠా అంతా అరుగు మీద నగోనా గిన్నె చుట్టూ చేరింది. కొబ్బరి చిప్పలతో తాగే ఆ మత్తు పానీయానికి వేరు దంచి ఇచ్చింది ఫూల్‌మతే. నంజుకోవడానికి బజ్జీలు వేస్తున్నదీ ఆమే. పాట మోగింది. చరణం సగంలో ఆగింది. అందుకుంది.

"అబ్బ! ఆ ఆగడం ఉందే అన్నా, గుండె జారిపోయింది. ఎట్లా తట్టింది నీకు?" అన్నాడు బద్రీ, ముఠా పెద్ద.

"వస్తుంది. సాధన" అన్నాడు శివ్ నారాయణ్.

"అయితే హార్మోనియం మీద ఒకసారి చూపించు" అన్నాడు పక్క ఊరి జోసెవా.

శివ్ నారాయణ్ వాయించాడు. ఆగాల్సిన చోట దాటిపోయాడు. మళ్లీ వాయించి, ముందే ఆగాడు.

"అన్నకి చిప్పలెక్కువయ్యాయిరా! మత్తు దిగనివ్వండి" అన్నాడు జోసెవా. అందరూ నవ్వారు.

ఫూల్‌మతి పొయ్యి తగ్గించింది. చేతులు తుడుచుకుంది. ఇన్నేళ్లూ పళ్లెం గడప దాకా తెచ్చి ఇచ్చేది. ఈసారి ఉత్త చేతులతో గడప దాటింది.

"ఏం కావాలి వదినా?"

"జరుగు బద్రీ." చాప మీద కూర్చుంది. "అది సాధన కాదు. రొట్టె తిరగేసే చోటు."

పాడింది. చేతులు వాటంతటవే వత్తాయి. ఆగిన చోట లేని రొట్టెని లేని పెనం మీద తిరగేసింది. ఆ రొట్టెలు తినని వాడు ఆ అరుగు మీద లేడు. ఎవరూ నవ్వలేదు. రెండో చరణంలో జోసెవా చెయ్యి కూడా తిరిగింది.

పాడిన మనిషికే తర్వాతి విడతలో మొదటి చిప్ప ఇవ్వాలి. జోసెవా ముంచి ఆమెకే చాపాడు. "నిండు చిప్పా వదినా, సగం చిప్పా?"

"నిండు."

ఆనవాయితీగా ఒకసారి చప్పట్లు కొట్టి గుక్క తిప్పుకోకుండా తాగింది. మగాళ్లంతా మూడుసార్లు చప్పట్లు కొట్టారు. శివ్ నారాయణ్ చేతులు హార్మోనియం మీదే ఉన్నాయి.

అందరూ వెళ్లాక అన్నాడు, "నలుగురిలో పరువు తీశావు."

"మీ పరువు నా పెనం మీద ఉందా?" అన్నది. "ఆగకుండా పాడితే ఆ పాటలు నా గొంతులో ఎట్లా ఉంటాయో నాకింతవరకు తెలీదు. రేపట్నుంచి పాడి చూస్తాను."

"మరి రొట్టెలు?"

"పాట మీదేనన్నారుగా. పాట వచ్చినవాళ్లకి రొట్టె రాదా?"

మర్నాడు నాలుగింటికి శివ్ నారాయణ్ లేచి పొయ్యి వెలిగించాడు. ఫూల్‌మతి పక్క మీద వెల్లకిలా పడుకుని పాట అందుకుంది. ఆయన అట్లకాడ పట్టుకుని, ఆమె ఆగే చోటు కోసం చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఆగలేదు. మొదటి రొట్టె నల్లగా మాడింది. దాన్ని తీసి తన డబ్బాలో పెట్టుకుని, రెండోది వత్తాడు.