నీలకంఠం కొట్టు ముందరి గోడ

నీలకంఠం చెయ్యి మంచిదని కాశీబుగ్గ బజారంతా నమ్మకం. ఎవరు కొత్త కొట్టు తెరిచినా మొదటి కొబ్బరికాయ అతనే కొట్టాలి, మొదటి బేరం అతనే చెయ్యాలి. తన జీడిపప్పు కొట్టు భార్య మోహినికి అప్పజెప్పి, పిలిచిన చోటికల్లా వెళ్లేవాడు. నలుగురూ ఆ మాట అంటే చాలు, అతనికి కడుపు నిండిపోయేది.

అందుకే, బజారు రోడ్డు వెడల్పుకి సర్కారు గ్రాంటు అడుగుదామనుకున్నప్పుడు వార్డు కౌన్సిలరు జనార్దనరావు నేరుగా అతని దగ్గరికే వచ్చాడు.

"బావా, జనం తమంతట తామే జాగా ఇడిసేత్తన్నారని సూపిత్తే గ్రాంటు బేగి వత్తాది. ఎవులో ఒకలు మొదలెట్టాల. నీ సెయ్యి మంచిది."

"నా కొట్టేనేటి?"

"మరి ఊరోడి కొట్టుకి గునపమెడితే ఊరుకుంతాడేటి?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నీలకంఠమూ నవ్వాడు. నవ్వాక ఇంక కాదనలేకపోయాడు. మంచి రోజు చూసి, గునపానికి పసుపు రాసి, తన కొట్టు ముందరి గోడకి తనే మొదటి పోటు పొడిచాడు. జనార్దనరావు ఫొటో తీయించాడు. సాయంత్రానికి గోడా, రేకుల చూరూ నేలమీదున్నాయి. పక్కనున్న బట్టల కొట్టు వరహాలు చప్పట్లు కొట్టి, "రేపు నాది" అన్నాడు.

ఆ రేపు రాలేదు. "గ్రాంటు మంజూరైతే కొడతాను మావా, తొందరేటి?" అన్నాడు వరహాలు. మిగతావాళ్లదీ అదే మాట. వరస కొట్లన్నీ రోడ్డు మీదకి పొట్టలు చాచుకుని నిలబడ్డాయి. నీలకంఠం కొట్టొక్కటే పన్ను ఊడిన చిగురులా లోపలికి పోయింది. అతను వదిలిన జాగాలో పలాస స్టేషను ఆటోలు ఆగేవి. సముద్రం వైపు నుంచి గాలి లేస్తే వానజల్లు తిన్నగా పప్పు డబ్బాల మీదే పడేది. మెత్తబడ్డ పప్పు ఎవరు కొంటారు? మోహిని డబ్బాలు వెనక్కి జరిపీ జరిపీ, ఇక చోటు లేక, కూర్చునే పీటనే తీసేసింది.

"ఊరందరికీ మంచి సెయ్యి. మనకే సెడ్డదైపోనాది" అంది.

చివరికి ఒక ఉదయం తాపీమేస్త్రి సన్యాసయ్యని తీసుకొచ్చాడు నీలకంఠం. రెండు వరసల ఇటుక లేచిందో లేదో, వరహాలు పరుగున వచ్చాడు. వెనకే బజారు. ఆ వెనక జనార్దనరావు.

"ఏటి బావా సేత్తన్నావు? నీ కూలిన గోడ ఫొటోయే కదా పైకెల్లింది. తనిఖీకొచ్చినోలకి గోడ కనిపిత్తే గ్రాంటు పోద్ది."

"ఎప్పుడొత్తారు?"

"వత్తారు."

"అందాక నానెక్కడ కూకోవాల?"

వరహాలు అందుకున్నాడు. "నీ ఒక్కడి గోడ కోసం ఊరి రోడ్డు ఆపేత్తావా మావా?"

ఆ మాట అతను తన అరుగు మీద నిలబడి అన్నాడు. ఆ అరుగు రోడ్డు మీదకి ఎంత వచ్చిందో అక్కడున్న అందరికీ తెలుసు.

"నాను కడితే గ్రాంటు రాదు. గ్రాంటు రాకపోతే మీరు కొట్టరు. మీరు కొట్టకపోతే నానొక్కణ్నే వానలో ఉండాల. ఇంతేనా?"

సన్యాసయ్య తాపీ కడుక్కున్నాడు. సిమెంటు ఆరని ఇటుకల్ని వరహాలు మనుషులే ఒక్కొక్కటీ ఊడదీసి, ఎంతో మర్యాదగా ఓ పక్కన పేర్చారు.

మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. వరహాలే ఓ నీలం పరదా తెచ్చి, ఒక అంచు నీలకంఠం దూలానికీ, రెండో అంచు తన కొట్టు స్తంభానికీ కట్టాడు. మోహిని ముడి బిగించబోతే ఆపాడు.

"జారుముడే ఉండనీ అత్తా. తనిఖీవోలు వత్తే లాగీడానికి వీలుగుంటాది."

ఆమె తాడు వదిలేసి లోపలికి వెళ్లింది. నీలకంఠం పరదా కింద నిలబడి, బేరమేదైనా వస్తుందేమోనని రోడ్డు వైపు చూశాడు. అడ్డంగా ఓ ఆటో ఆగి ఉంది. దాని అవతల రోడ్డు కనిపించలేదు.