కొండ కిందే ఆగిన కారవాన్

నేను ఒక పొట్టి జీపును. నా ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం బాగా తక్కువ. ఇరుకు సందుల్లో ఇట్టే తిరుగుతానని నన్ను మెచ్చుకున్నవాళ్లే, గతుకుల రోడ్డెక్కగానే నడుము పట్టుకుని తిట్టేవారు. పుట్టింది పెద్ద కర్మాగారంలో. ఉద్యోగం ఒక సర్వే ఆఫీసులో. అక్కడి ఇంజనీర్లు నా బానెట్ మీద మ్యాపు పరిచి, దారి ఎటో వాదించుకుని, గొంతులు ఎండిపోయాక టీ తాగి వెనక్కి వచ్చేసేవారు. ఆ విధంగా నేను ఎన్నో కొండలను కింది నుంచే చూశాను.

రంగు వెలిశాక నన్ను వేలం వేశారు. విజయనగరంలో లేత్ షాపు నడిపే సన్నిబాబు కొన్నాడు. మనిషి మంచివాడు. అన్న మాట వెనక్కి తీసుకోవడం మాత్రం ఆయనకు చేతకాదు.

ఆయన అక్క వరహాలమ్మ ఒకప్పుడు పేరున్న బుర్రకథకురాలు. తంబురా భుజాన వేసుకుని ఆమె మధ్యలో నిలబడేది. గుమ్మెట వాయిస్తూ చెరోపక్క ఇద్దరు వంత పాడేవారు. వాళ్లలో ఒకామె కాలం చేసింది. రెండో ఆమె పేరు సింహాచలం. ఆమె కూతురి దగ్గర ఉంటానని అరకు వెళ్లిపోయింది. వరహాలమ్మకేమో వెన్ను దెబ్బతింది. బస్సులో కాసేపు కూడా కూర్చోలేదు.

"పడుకుని ఎల్లే బస్సుంటే సింహాచెలాన్ని ఓపాలి సూసొద్దును. ఇద్దరం కలిసి ఒక్క కథైనా సెప్పుకుందుం" అంది ఒకరోజు, నవ్వులాటకు.

సన్నిబాబు నవ్వలేదు. విశాఖపట్నం వెళ్లి, సినిమావాళ్లు వదిలేసిన పాత కారవాన్ ఒకటి తెచ్చాడు. మంచం, నీళ్ల ట్యాంకు, ఇనప బీరువా, చుట్టూ బల్బులున్న అద్దం, అన్నీ ఉన్నాయి అందులో. నాకంటే రెండింతలు పొడుగు. బరువు సంగతి నన్ను అడగండి. నా వెనక కొక్కెం వెల్డింగు చేసి దాన్ని తగిలించాక, వీధి వీధంతా చూడడానికి వచ్చింది.

"ఈ పిల్ల జీపు ఆ ఏనుగుని లాగుద్దేటి?" అన్నారెవరో.

"అరకు దాకా లాగుద్ది. సూడండి" అన్నాడు సన్నిబాబు. అంతే, నా తలరాత ఖాయమైపోయింది.

తెల్లవారగానే బయలుదేరాం. వరహాలమ్మ కారవాన్‌లో పడుకుంది. ఊరు దాటేదాకా బాగానే ఉంది. ఎస్.కోట ఇంకా రాకముందే రోడ్డు పల్లానికి దిగింది. పక్క నుంచి బస్సొకటి దూసుకుపోయింది. ఆ గాలికి కారవాన్ వెనక భాగం అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. ఊపు ఊపుకీ నా వెనక చక్రాలను ఈడ్చేస్తోంది. అప్పటిదాకా నేను దాన్ని లాగుతున్నాననుకున్నాను. ఇప్పుడది నన్ను ఆడిస్తోంది.

సన్నిబాబు కాలు బ్రేకు మీదికి వెళ్లింది. గట్టిగా తొక్కితే కారవాన్ నన్ను అడ్డంగా తిప్పేసి కాలవలో పడేస్తుందని నాకు తెలుసు. ఆయనకు తెలియదు. ఆయనకు తెలిసిందల్లా, బ్రేకు తొక్కితే అక్క మంచం మీంచి పడిపోతుందని. కాలు వెనక్కి తీసుకున్నాడు. ఆక్సిలరేటరూ వదిలేశాడు. స్టీరింగు తిన్నగా పట్టుకుని, "అప్పా, అప్పా" అని అక్కను పిలుస్తూ కూర్చున్నాడు. మెల్లగా వేగం తగ్గింది. ఊపూ తగ్గింది. ఆగాం.

పరుగెత్తుకెళ్లి తలుపు తీశాడు. వరహాలమ్మ కింద కూర్చుని తంబురాను పసిబిడ్డలా పొదువుకుని ఉంది.

"అరకు తీసికెల్తన్నావా, ఉయ్యాలూపుతన్నావా?"

తమ్ముడి మొహంలో రక్తం లేదు. అది చూసి, లేపమని చెయ్యి చాచింది.

బరువంతా వెనక్కి సర్దడం వల్ల ఈ ఊపు వచ్చిందేమోనని ఆయనకు అనుమానం వచ్చింది. వెనకనున్న ట్యాంకులో నీళ్లు వదిలేశాడు. దారినపోయేవాళ్లను బతిమాలి బీరువాను ముందుకు జరిపించాడు. ఆ తర్వాత కారవాన్ బుద్ధిగా నడిచింది. కానీ కొండకు ఆ బుద్ధితో పనేముంది?

ఘాట్ రోడ్డు మొదటి మలుపులోనే నా ముందు చక్రాలు తేలిపోసాగాయి. క్లచ్ కాలిన కంపు. రేడియేటర్ నుంచి ఆవిరి. సగంలో ఆగిపోయాను. వెనక ఆగిన బండ్లలోంచి జనం దిగి చక్రాల కింద రాళ్లు పెట్టారు. వెనక లారీల హారన్లు.

"ఇంకోపాలి సూస్తాను" అన్నాడు సన్నిబాబు.

వరహాలమ్మ గోడ పట్టుకుంటూ కిందికి దిగింది. "ఈ కొండెక్కడం నాకోసమా, వీదిలో అన్న మాట కోసమా?"

సన్నిబాబు నా వెనక్కి వచ్చాడు. కొక్కెం విప్పాడు. పదిమందీ పట్టి కారవాన్‌ను మెల్లగా కిందికి దించి, కొండ మొదట్లో ఉన్న టీ కొట్టు పక్కన నిలబెట్టారు. టీ కొట్టావిడ వరహాలమ్మకు నులక మంచం వేసింది. నా ఆవిరి చల్లారాక, "అప్పా, నువ్వు ఈడే ఉండు. సింహాచెలాన్నే తెస్తాను" అని సన్నిబాబు నన్ను పైకి తోలాడు.

ఆ రోజు ఎక్కినట్టు నేను ఏ కొండా ఎక్కలేదు. క్లచ్ జారుతున్నా, కాఫీ తోటల మీదుగా మలుపు వెనక మలుపు తిరిగిపోయాను. దిగేటప్పుడు నా ముందు సీట్లో సింహాచలం. ఒళ్లో గుమ్మెట. ప్రతి మలుపుకీ ఒక కేక.

టీ కొట్టు దగ్గర స్నేహితురాళ్లిద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు.

"ఒలే, ముసిలిదానివైపోనావే!" అంది వరహాలమ్మ.

"నువ్వేటి, నిన్న పుట్టినావేటి?"

పొద్దు వాలుతుంటే కారవాన్ మెట్టు ముందు కథ మొదలైంది. రెండో వంతకు మనిషి లేక సన్నిబాబునే నిలబెట్టారు. ఆయన "తందాన" అనాల్సిన చోట ఊరుకుని, ఊరుకోవాల్సిన చోట అందుకున్నాడు. లారీలవాళ్లు టీ గ్లాసులు పట్టుకుని కడుపుబ్బ నవ్వారు.

కారవాన్ మళ్లీ అక్కణ్ణించి కదల్లేదు. ఏటా చలికాలం పోగానే లారీలవాళ్లు వెనక పరుపేసి వరహాలమ్మను పడుకోబెట్టి తెస్తారు, సింహాచలం కొండ దిగివస్తుంది, ఇద్దరూ అందులో కాపురం పెడతారు. నన్ను పాత ఇనుముకింద అమ్మేస్తానని సన్నిబాబు అంటే, ఇద్దరూ ఆయన మీద పడ్డారు. అప్పటినుంచీ నేనూ టీ కొట్టు పక్కనే ఉంటున్నాను, చక్రాల్లో గాలి లేకుండా. కథ రోజున జనం నా బానెట్ మీదా, సీట్ల మీదా సర్దుకుంటారు.

ఈమధ్య వరహాలమ్మ కథ మధ్యలో మాట మర్చిపోతోంది. సింహాచలం గుమ్మెట మీద వేళ్లు ఆడిస్తూ ఆమె కళ్లలోకి చూస్తూ ఉంటుంది. ఆ మాట నాకు తెలుసు, ఎన్నిసార్లు విన్నానో. అందించే నోరు లేదు. జనం ఊపిరి బిగబట్టి ఆగుతారు. వాళ్లతోపాటు నేనూ ఆగుతాను, ఆమెకు గుర్తొచ్చేదాకా.