రెండోసారి వచ్చినవాళ్ళు

రొయ్యలు ఒలిచే పని ఆ ఇంట్లో హెలెన్‌దే. తల గిల్లి, పెంకు లాగి, వీపు మీది నల్ల నరం తీసి గిన్నెలో వేస్తుంటే మణికట్ల దాకా నీచు. గూట్లో పెట్టిన ఆమె ఫోను సరిగ్గా అప్పుడే మోగింది. ఆమె చేతులు కడుక్కుని లేచేలోపు పేపరు చదువుకుంటున్న భర్త ఐజాక్ అందుకుని "హలో" అన్నాడు. అవతల మనిషి మాట్లాడకుండా పెట్టేశాడు.

"ఎవరే?"

"ఆఫీసు తాలూకండి."

"ఆఫీసువాళ్ళు మగగొంతు వినగానే పెట్టేస్తారేంటి?"

వసారాలో బియ్యం ఏరుతున్న అత్తగారు దేవకుమారి తలెత్తకుండానే అంది. "ఆఫీసంట ఆఫీసు. రోగాల ఆఫీసు."

హెలెన్ మళ్ళీ రొయ్యల ముందు కూర్చుంది. ఆ మాట ఆమెకు కొత్త కాదు. నిడదవోలు నుంచి పొద్దుటి బండికి రాజమండ్రి వెళ్ళి, సాయంత్రం బండికి తిరిగొస్తే, పెరట్లో నీళ్ళు పోసుకుని చీర మార్చుకున్నాక గాని దేవకుమారి పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. నర్సు చదువు చదివిన కోడలు, ముట్టుకుంటే అంటేది కాదత్తయ్యా అని మొదట్లో చెప్పి చూసింది. "నీకు తెలుసేమోనమ్మా, నా పొయ్యికి తెలీదుగా" అంది ఆవిడ. తడిజుట్టుతోనే అన్నం వార్చడం అలవాటైపోయింది. ఐజాక్ హైస్కూల్లో లెక్కల మాష్టారు. చుట్టాలొస్తే "మా ఆవిడ మగాళ్ళని లెక్కపెడుతుందండీ" అని నవ్వించేవాడు. అందరూ నవ్వుతుంటే హెలెన్ కాఫీ గ్లాసులు అందించేది. ఆ లెక్క ఏమిటో, ఎలా కడతారో లెక్కల మాష్టారు ఒక్కనాడూ అడగలేదు.

అడిగితే చెప్పేది. చేలో నిలిచిన నీటిని చూసి, తూములోంచి ఇప్పుడు ఎంత పారుతోందో చెప్పలేం. ఇప్పటికే హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు ఎందరన్నది నిలిచిన నీరు. కొత్తగా ఎందరికి సోకుతోందన్నది తూము. మగవాళ్ళను ఇష్టపడే కుర్రాళ్ళలో, ఆడవాళ్ళనూ మగవాళ్ళనూ ఇష్టపడే కుర్రాళ్ళలో ఆ తూము సంగతి అంచనా కట్టడమే హెలెన్ పనిచేసే సెంటరు పని. పరీక్షలో వైరస్ లేదని తేలినవాళ్ళని ఆరు నెలలకి మళ్ళీ రమ్మంటారు. అప్పుడు చేసే పరీక్షలో ఎందరికి కొత్తగా కనబడిందో దాన్నిబట్టి లెక్క కడతారు. చెప్పుకోడానికి చిన్నదే. చిక్కల్లా, కుర్రాడు మొదటిసారి ఎలాగో వచ్చినా రెండోసారి రాడు. రానివాడికి సోకిందో లేదో ఎవరికీ తెలీదు. రానివాళ్ళు ఎక్కువైతే అంచనా మొత్తం వట్టిది.

ఎందుకు రావడం లేదో సెంటర్లో చాలాకాలం ఎవరికీ తట్టలేదు. హెలెన్‌తోపాటు పనిచేసే నాగవల్లి ప్రేమ గల మనిషి. కుర్రాడు మెట్లెక్కి రాగానే చల్లటి మంచినీళ్ళిచ్చి "ఏ ఊరు నాన్నా మీది? ఎవరబ్బాయివి?" అనేది. ఈ వైపు మనిషికి మనిషి ఎదురైతే ఆ మాట అడగకపోవడమే అమర్యాద. బస్సులో అడుగుతారు, పెళ్ళి పందిట్లో అడుగుతారు, ఆసుపత్రి మంచం మీద ఉన్నవాణ్ణీ అడుగుతారు. ఆ మర్యాదకే కుర్రాళ్ళు గ్లాసు కింద పెట్టేసి మళ్ళీ కనపడేవారు కాదు. ఎవరబ్బాయో చెప్పేస్తే ఇక దాచుకోడానికి వాళ్ళకి ఏం మిగులుతుంది? హెలెన్ ఆ మాట మానేసింది. నాగవల్లి చేతా మాన్పించింది. "నోరు దురద పెట్టేస్తోందే హెలెనూ" అని నాగవల్లి చీరకొంగు నోట్లో కుక్కుకునేది.

అక్కణ్ణుంచి కుర్రాళ్ళు రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళు స్నేహితుల్ని తెచ్చారు. రెండోసారీ వచ్చారు. కొత్తగా సోకినవాళ్ళు అనుకున్నదానికన్నా ఎక్కువే బయటపడ్డారు. కాని బయటపడ్డవాళ్ళందరూ మందులు మొదలుపెట్టి నిక్షేపంగా తిరుగుతున్నారు. విశాఖపట్నం నుంచి అన్ని సెంటర్ల లెక్కలూ చూసే డాక్టరమ్మ ఫోన్ చేసి, "మీ దగ్గర తిరిగొచ్చినంతమంది ఇంకెక్కడా రాలేదమ్మా. మీ అంచనాని నమ్మచ్చు" అన్న సాయంత్రం, రైలు గోదావరి దాటుతుంటే హెలెన్ కిటికీకి తల ఆనించి తనలో తను నవ్వుకుంది. ఎదురుగా కూర్చున్న ముసలావిడ "ఏమ్మా, పెళ్ళి కుదిరిందా ఎవరికైనా?" అంది. "ఆయ్, అలాంటిదేనండి" అంది హెలెన్. ఇంటికొచ్చి పెరట్లో నీళ్ళు పోసుకుంది.

ఇప్పుడు రొయ్యలు ఒలుస్తుంటే ఫోన్ చేసి పెట్టేసినవాడు సురేష్‌బాబు.

వాళ్ళ చర్చిలో కీబోర్డు వాయించేది అతనే. అతని తల్లీ దేవకుమారీ ఏళ్ళ తరబడి ఒకే చాప మీద కూర్చుని ప్రార్థన చేసుకునేవాళ్ళు. అంత దూరం రాజమండ్రి వెళ్ళి మెట్లెక్కి, బల్ల వెనక హెలెన్‌ని చూసిన మొదటిరోజు అతని ముఖాన నెత్తురు చుక్క లేదు. ఆమె మాత్రం జన్మలో చూడనట్టు, "కూర్చోండి. నా పేరు హెలెన్" అంది. ఆ వచ్చే ఆదివారం చర్చిలో ఎప్పటిలాగే "ఏరా సురేషూ, ఆ పాట మరీ పరుగెత్తించేస్తున్నావు" అంది. కుర్రాడు తలొంచుకుని, రెండో చరణం నెమ్మదిగా వాయించాడు.

మొదటి పరీక్షలో అతనికి ఏమీ లేదు. ఇప్పుడు ఆరు నెలలైంది. రానంటున్నాడు. కాలవగట్టు మీద నిలబడి సాయంత్రాలు ఫోను చేసేవాడు.

"వస్తే ఏం చెప్తారో నాకు తెలుసక్కా."

"నాకే తెలీదు, నీకెలా తెలుసు బాబూ? ఉంటే మందుంది. లేకపోతే, రాకుండా వేసుకునే మాత్రా ఉంది. భయానికే మందు లేదు."

పెరట్లో నీళ్ళ తొట్టె వెనక నిలబడి గొంతు తగ్గించి ఆమె చెప్పే ఈ మాటల్లో ఒక్కటీ వినపడకపోయినా, గొంతు తగ్గడం మాత్రం దేవకుమారికి బాగా వినపడింది.

ఆ ఫోను పెట్టేసిన మర్నాడు ఆదివారం. ఆరాధన అయ్యాక సురేష్‌బాబు తల్లిని దేవకుమారి భోజనానికి తీసుకొచ్చింది. హెలెన్ వడ్డిస్తుంటే మళ్ళీ ఫోను. ఐజాక్ లేచి వెళ్ళి నంబరు చూసుకుని, దాన్ని తెచ్చి కూరగిన్నె పక్కన పెట్టాడు. అది మోగి మోగి ఆగింది.

"నిన్నటి నంబరే. ఇప్పుడు చెప్పు, అందరూ ఉన్నారు. ఎవడు వాడు?"

"సెంటరుకొచ్చే మనిషండి."

"పేరు లేదా? ఎవరబ్బాయి?"

"పరాయి మగాడితో తొట్టె వెనక గుసగుసలేంటమ్మా?" అంది దేవకుమారి. పక్కావిడ కేసి తిరిగి, "మీ సురేషుని చూడండి, ఎంత బుద్ధిమంతుడో. ఆడపిల్ల వంక కన్నెత్తి చూడడు."

"అంతా దేవుడి దయండి" అంది సురేష్‌బాబు తల్లి, ముద్ద కలుపుకుంటూ, ముఖమంతా వెలిగిపోతూ.

హెలెన్ చేతిలో గరిటె ఉంది. నోట్లో ఒక పేరుంది. అది బయటపెడితే తన మీద పడ్డ మచ్చ ఈ క్షణాన చెరిగిపోతుంది. ఐజాక్ తల దించుకుంటాడు. అత్తగారు క్షమించమన్నా అనవచ్చు. ఈ కంచం ముందు కూర్చున్న తల్లి మాత్రం ఈ ముద్ద మింగలేకపోతుంది. ఆ తర్వాత ఆ కుర్రాడే కాదు, ఒక్క కుర్రాడూ ఆ మెట్లెక్కడు. పెళ్ళయిన నాటి నుంచీ ఈ ఇంట్లో ఆమె ఎన్నో మాటలకి జవాబు చెప్పకుండా ఊరుకుంది. నవ్వినప్పుడు ఊరుకుంది, నీళ్ళు పోసుకోమన్నప్పుడు ఊరుకుంది. అవన్నీ భయానికో విసుగుకో ఊరుకున్నవి. ఇవాళ ఊరుకుంటుంటే వెన్ను తనంతట తనే నిటారైంది. తన దగ్గర ఇంత విలువైనది ఒకటుందని, దాన్ని ఎవరూ లాక్కోలేరని ఆమెకి ఇన్నాళ్ళూ తెలీలేదు. సురేష్‌బాబు తల్లి కంచంలో ఇంకో గరిటె రొయ్యల కూర వేసింది.

"పేరు చెప్పనండి."

"చెప్పవా?"

"చెప్పను. మీరనుకునేదేం కాదు. అంతకన్నా చెప్పేది లేదు."

"అయితే రేపట్నుంచి రాజమండ్రి లేదు" అన్నాడు ఐజాక్.

ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ ఆమె సురేష్‌బాబుకి ఫోన్ చేసింది. ఈసారి తొట్టె వెనక్కి పోలేదు, గొంతు తగ్గించలేదు. "పొద్దుటి బండికి వెళ్తున్నా. వస్తే అక్కడే ఉంటాను" అంది, అంతే.

సోమవారం అతను వచ్చాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. లోపలి గదిలో కూర్చోబెట్టి, చొక్కా చెయ్యి పైకి మడవమని చెప్పి ఆమె సూది తీస్తుండగా, బయటి గదిలోంచి తాతాజీ గొంతు వినపడింది. కడియం నర్సరీల్లో మొక్కలకి అంట్లు కట్టే తాతాజీ రెండోసారికి వచ్చి, బల్ల మీద కూర్చున్న మిగతా కుర్రాళ్ళకి ధైర్యం చెబుతున్నాడు.

"కొత్తాండి? కూర్చోండి మాష్టారూ. సిగ్గు పడకండి, మీ వయసువాళ్ళూ వస్తారు. మా అక్క పేరు కూడా అడగదు."

"నేను పరీక్షకి రాలేదు" అన్న గొంతు ఐజాక్‌ది.

"మొదట్లో నేనూ అలాగే అన్నానండి."

హెలెన్ సూది పక్కన పెట్టేసి బయటికొచ్చి, తన వెనక తలుపు దగ్గరగా వేసింది. ఐజాక్ మెట్లెక్కిన ఆయాసంతో నిలబడి ఉన్నాడు. పక్కనున్న కుర్రాడెవడో ఆయన కోసం జరిగి చోటిచ్చాడు.

"లోపల ఎవరున్నారు?" అన్నాడు ఐజాక్.

"నా పని ఉందండి."

"జరుగు. చూడాలి."

ఆమె జరగలేదు. ఆయన ఒక్కో ముఖమూ వెతుకుతుంటే కుర్రాళ్ళు తలలు దించేసుకున్నారు. ఒకడు చెప్పుల్లో కాళ్ళు పెట్టేసుకున్నాడు. తాతాజీ నవ్వు ఆగిపోయింది.

"నేను నీ మొగుణ్ణి, హెలెన్."

"ఇంటి దగ్గర. ఇక్కడికి వచ్చినవాళ్ళంతా నాకు ఒకటే. పరీక్ష చేయించుకుంటే కూర్చోండి, పిలుస్తాను. లేకపోతే కిందికి దిగండి. వీళ్ళ ముఖాలు చూడ్డానికి మాత్రం మీకు హక్కు లేదు."

ఆమె గొంతు పెరగలేదు. 'మీరు' అనడం మానలేదు. ఐజాక్ ఒక అడుగు వెనక్కి వేశాడు. నవ్వడానికి చుట్టాలెవరూ లేరు. గోడ పట్టుకుని మెట్లు దిగాడు. చెప్పులు తొడుక్కున్న కుర్రాడు వాటిని మళ్ళీ విడిచి బల్ల కిందికి నెట్టాడు.

ఆమె లోపలికి వచ్చింది. సురేష్‌బాబు చొక్కా మడిచిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్నాడు.

"మాష్టారు కదక్కా. నా కోసం మీ ఇంట్లో ఇంత... నా పేరు చెప్పేయండక్కా. పర్లేదు."

హెలెన్ అతని చెయ్యి అందుకుని నరం కోసం వేలితో తడిమింది.

"నీ పేరేంటో నాకు తెలీదు బాబూ" అంది. "పిడికిలి బిగించు."